మోసే బరువు, ఎత్తే బరువు

పాలమూరు మనిషికి బరువుల సంగతి ఒకరు చెప్పాలా? దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసింది ఈ జిల్లా వలస కూలీలే. పక్కనే నల్గొండ జిల్లా మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో హమాలీలు పొద్దంతా బస్తాలు వీపున వేసుకుంటూనే ఉంటారు. ఇట్లాంటి చోట పైసలు కట్టి జిమ్ములో ఇనుము ఎత్తడం తిన్నది అరగనివాళ్ల పని అని ఎవరైనా ఎత్తిపొడిస్తే తప్పు పట్టలేం. అయితే హమాలీ నడుము పట్టిందని బస్తా తేలికవదు, రాత్రి నిద్ర లేదని లారీ ఆగదు. తాలీంఖానా అనే పాత వ్యాయామశాలలో మాత్రం ఎంత ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో ఒంటిని చూసే తేలుస్తారు. కూలిపని ఒంటిని అరగదీస్తే తాలీం పెంచుతుందనడానికి కారణం ఈ తేడాయే.

పాత తాలీం పద్ధతిలో కొత్త కుర్రాడితో ముందు దండీలు, బస్కీలు తీయిస్తారు. అంటే సొంత ఒళ్లే మొదటి బరువు. అది లొంగాక ముగ్దర్లు (చేత్తో తిప్పే చెక్క గదలు), ఆ తర్వాతే రాతిగుండు. గుండు ఎత్తేవాణ్ణి దగ్గర నుంచి చూడండి. పాదాలు గుండుకు అటూ ఇటూ ఆనించి, మోకాళ్లు వంచి, దాన్ని పొట్టకు అదుముకుంటాడు. ముందు తొడల మీదికి తెచ్చుకుని, అక్కడ పట్టు మార్చి, తుంటిని ముందుకు తోస్తూ ఛాతీకి, అక్కణ్ణుంచి భుజానికి చేరుస్తాడు. డెడ్‌లిఫ్ట్ నేర్పే కోచ్ చెప్పేదీ ఇదే: బరువు ఒంటికి ఎంత దగ్గరుంటే నడుము మీద భారం అంత తక్కువ. ఈ ఒక్క ఒడుపు హమాలీకీ పనికొస్తుంది. ఇక కండ పెరిగేది ఎత్తాక తీసుకునే విశ్రాంతిలో. తొలి వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాలు పని నేర్వడం వల్ల వచ్చేదే. ఇది తెలియక నెల తిరక్కుండానే అద్దం చూసుకుని మానేసేవాళ్లు ఎందరో!

పోలీసు కొలువుకు తయారయ్యే నల్గొండ కుర్రాళ్లకు ఇదంతా అర్హత లెక్క. 2022 నియామకాల్లో మగవాళ్లు 7.26 కిలోల షాట్‌పుట్‌ను 6 మీటర్లు విసరాల్సి వచ్చింది. దాన్ని తోసేది ముఖ్యంగా కాళ్లు, తుంటి. డంబెల్‌తో చేతులు మాత్రమే పెంచుకుంటే చాలదు. ఆడపిల్లలు బరువులెత్తితే మగరాయుళ్లవుతారన్న భయమూ ఉత్తదే. వాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ తక్కువ కాబట్టి కండ అంతగా ఉబ్బదు, బలం మాత్రం వస్తుంది. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. కొట్టిపారేయలేని అభ్యంతరం ఒకటే ఉంది. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దల ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. వాళ్లు డాక్టర్‌ను అడగనిదే బరువు ముట్టుకోవద్దు. మిగతావాళ్లు నోటిఫికేషన్ పడేదాకా ఆగకుండా వారానికి రెండు రోజులైనా మొదలుపెట్టండి. ముందు ఖాళీ రాడ్డు చాలు. మగవాళ్ల ఒలింపిక్ రాడ్డయితే అదే 20 కిలోలు.