సుబ్బయ్యని అయిదుగురు చదివితే

నెలకో శనివారం, అయిదుగురం, ఒక నవల. స్నేహితులు పెట్టుకునే పుస్తక చర్చకి ఇంతకు మించి రూల్స్ అక్కర్లేదు. చదవడం పూర్తికానివాళ్ళూ రావచ్చు, బిర్యానీ అందరికీ ఒకటే. "నచ్చిందా?" అన్న ప్రశ్న ఒక్కటే వద్దు. రావిశాస్త్రి 'అల్పజీవి'ని అది చంపేస్తుంది. సుబ్బయ్యకి అన్నీ భయాలే, కాంట్రాక్టరు గవరయ్య అంటే మరీను. "లాగి ఒకటి పీకాలనిపించింది" అంటారు. పది నిమిషాల్లో చర్చ ఖతం.

అందుకని తలా ఒక పేజీ పైకి చదివాం. ఈ నవలలో భయం కథలో కన్నా వాక్యంలో ఎక్కువుంది. చైతన్య స్రవంతి అన్న పేరు సరే, చెవికి వినబడేది మాత్రం ఒకే ఆలోచన చుట్టూ గింగిరాలు కొట్టే మనిషి గొంతు. కంటితో చదివితే విసుగనిపించే ఆ పునరుక్తి, పైకి చదివితే ఊపిరాడనివ్వదు. మధ్యలో నవ్వూ వస్తుంది. పీకాలన్న స్నేహితురాలే తన పేజీ అయ్యాక, "అప్రైజల్ మీటింగ్ ముందు నా బుర్రలో నడిచేదీ ఇదే" అంది.

ఇంకొకతను ఒప్పుకోలేదు. మనలాంటివాడే అయినంత మాత్రాన సుబ్బయ్యని వెనకేసుకు రాలేం అన్నాడు. నేనూ అతని వైపే. రావిశాస్త్రి వృత్తికి వకీలు, అయినా ఎక్కడా సుబ్బయ్య తరఫున వాదించడు. రాత్రి పదకొండయినా తేలలేదు. వచ్చే నెల గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'.