పాట కళ్లం దగ్గరే ఆగిపోయింది

మన సినిమాల్లో రైతు నాగలి పడితే పాట, నాట్లు వేస్తే పాట, కోతలకొస్తే పాట. పంట బండికెత్తి మార్కెట్టుకి తోలాక ఏమైందో చెప్పే పాట ఒక్కటి చెప్పండి చూద్దాం! నాకైతే ఎంత ఆలోచించినా తట్టలేదు. మన పాట కళ్లం దగ్గరే ఆగిపోతుంది. అసలు కథ మొదలయ్యేది అక్కడినుంచే కదా! రైతు కళ్లనీళ్లు పెట్టుకునేదీ మార్కెట్టులోనే, సంచీ పట్టుకెళ్లిన మనం ఉసూరుమనేదీ మార్కెట్టులోనే.

1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ సంగతే తీసుకోండి. కొసరాజు గారి ఏరువాక పాట, జిక్కి గొంతు, వహీదా రెహమాన్ నాట్యం. ఈనాటికీ ఆ పాట వినిపిస్తే చేతిలో పని ఆగిపోతుంది. పొలానికి వెళ్లే రైతుని ఇల్లాలిని కూడా వెంటబెట్టుకు వెళ్లమన్నారు కవి. అది నాకెంతో నచ్చుతుంది. పనిలోపనిగా, ఒళ్లు వంచకుండా రాజకీయాలతో బతికేవాళ్లకి ఓ చురకా అంటించారు. స్వరాజ్యం వచ్చి నిండా ఎనిమిదేళ్లు! అప్పటికే ఆ విసుగు వచ్చేసిందన్నమాట. అయినా ఆ పాటలో ఆశదే పైచెయ్యి. చెమటోడిస్తే చాలు, రోజులు అవే మారతాయన్న నమ్మకం. ధర ఊసు మాత్రం లేదు.

హిందీ వాళ్ల తీరు ఇంకా తమాషా. మనోజ్ కుమార్ 1967లో ‘ఉపకార్’ తీశాడు. ఈ దేశపు నేల బంగారం పండిస్తుందన్న పాట ఊరూరా మోగింది. ఏడేళ్లు తిరిగేసరికి, 1974లో, అదే మనిషి ‘రోటీ కప్డా ఔర్ మకాన్’ తీసి, ధరలు మమ్మల్ని చంపేస్తున్నాయని ఖవ్వాలీ పాడించాడు. ఆ ఏడు ధరల పెరుగుదల ఇరవై శాతం దాటింది మరి! ఆ పాటలో ఉన్నది నాగలి, ఈ పాటలో ఉన్నది రేషను క్యూ. బంగారం పండిన నేలమీద క్యూ ఎందుకు వచ్చిందో రెండు పాటలూ చెప్పవు.

సినిమా మాట కాసేపు పక్కనపెట్టి మన కూరలబుట్టలోకి తొంగి చూడండి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో నూటయాభై దాటింది. పప్పులో చింతపండు పిసుక్కుని సరిపెట్టుకున్నాం. సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు జిల్లా రైతులు, కోతకూలీ కూడా గిట్టక, అవే కాయల్ని రోడ్డుపక్కన పారబోశారు. రిజర్వు బ్యాంకు 2024లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, మనమిచ్చే రూపాయిలో టమాటా రైతుకి దక్కేది 33 పైసలు, ఉల్లి రైతుకి 36. మిగిలిందంతా ఎవడో ఒక దొంగ మింగేస్తున్నాడని కాదు. లారీ కిరాయి, హమాలీ, కమీషను, దారిలో కుళ్లిపోయిన సరుకు, అన్నీ అందులోవే.

ఇక్కడే నాయకులకి ఓ సుళువు దొరికింది. రైతూ, ఇల్లాలూ ఒకేసారి కోప్పడరు! 1998లో ఉల్లి ధరకి ఢిల్లీ ప్రభుత్వమే పడిపోయిందంటారు. అప్పటినుంచీ మన కోపమంటే వాళ్లకి హడలు. ధర పెరగ్గానే ఎగుమతులు ఆపేస్తారు. 2023లో జూలైలో తెల్లబియ్యం, డిసెంబరులో ఉల్లి అలాగే ఆగాయి. రైతు లబోదిబోమంటే, ‘ఇల్లాళ్ల కోసం తప్పలే’దంటారు. మనం అడిగితే, ‘రైతుకి నాలుగు రాళ్లు రానివ్వరా?’ అంటారు. తగువు మనకీ వాళ్లకీ పెట్టి తాము తీర్పరులవుతారు.

ఈ తగువు ఎంత బూటకమో చూపించిన సినిమా నాకు తెలిసి ఒక్కటే. 2010లో అనూషా రిజ్వీ తీసిన ‘పీప్లీ లైవ్’. తీసింది స్త్రీ కావడం కాకతాళీయం అనుకోను. అప్పుకింద పొలం పోయే నత్థా, చస్తే పరిహారం వస్తుందని విని చావుకి సిద్ధపడతాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, నాయకులు పరుగెత్తుకొచ్చారు. ఏం ఇచ్చారనుకున్నారు? చేతిపంపు! పాతించుకునే ఖర్చు మాత్రం ఇవ్వలేదు. ఆ సినిమాలో పల్లెటూరి మగవాళ్లు గుంపుగా కూర్చుని ధరల మీద ఓ జానపదం పాడతారు. మాటలు మాత్రం ఆడదానివి: మా ఆయన బాగానే సంపాదిస్తున్నాడు గానీ, ధర అనే రాక్షసి తినేస్తోందమ్మా అని నేస్తురాలితో మొర. ధరలు పెరిగితే రైతులకి పండగేగా అనుకునేవాళ్లకి ఆ పాటే జవాబు. టమాటా పండించే ఇంట్లోనూ పప్పూ నూనే కొనుక్కోవాలి!

అయితే లోపం లేదా? ఉంది. సగం సినిమా టీవీ వాళ్ల హడావిడికే సరిపోయింది. నత్థా భార్య ధనియా అరిచినప్పుడు నవ్వుకుంటాం గానీ, రేపు పొయ్యిలోకి ఏం చూసుకుంటుందో ఆవిడ నోటివెంట విననే వినం. నత్థా చివరికి పారిపోయి పట్నంలో మట్టిపనిలో కలిసిపోతాడు. ఆ ఇంటికి ఆ నెల సరుకులు ఎలా వచ్చాయి?

ఆ లెక్క రాయగలిగింది సరుకుల పద్దు రాసే చెయ్యే. ఏరువాకకి ఇల్లాలిని వెంటబెట్టుకు వెళ్లమన్నారు కొసరాజు గారు. మార్కెట్ యార్డుకి కూడా ఆవిడ వెళ్లి, కాటా దగ్గర నిలబడి పాడితే ఎలా ఉంటుందో, మీలో ఎవరైనా రాసి చూపించకూడదూ?