ఇసుక కింద మన్ను

రెండడుగుల గాజు తొట్టి, లైటున్న మూత, చిన్న ఫిల్టరు, సంచెడు రంగు రాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క, కవర్లో నాలుగు గోల్డ్ ఫిష్‌లు. కొత్తగా అక్వేరియం పెట్టుకోబోయేవారు షాపు నుంచి తెచ్చుకునే సరంజామా చాలావరకు ఇదే. నెల తిరిగేసరికి నీళ్లు పచ్చబడతాయి, చేపలు ఒక్కొక్కటే పోతాయి, తొట్టి అటకెక్కుతుంది. ఆ తొట్టి అడుగున ఏదీ బతికే వీలు లేకపోవడమే అసలు లోపం. నిజం మొక్కలతో కళకళలాడే తొట్టి కావాలంటే డబ్బూ శ్రద్ధా ముందు అడుక్కి పెట్టాలి. ఆ తర్వాత మొక్కలు. చేపల సంగతి ఆఖరున.

మొక్కల తొట్లలో రకరకాల పద్ధతులున్నాయి. రకరకాల ఆకులను వరుసలు తీర్చి పెంచే డచ్చివారి పద్ధతి పాతది. జపాన్‌లో తకాషి అమానో 1982లో ఏడీఏ కంపెనీ పెట్టి, కొండలూ అడవులూ తలపించే తొట్లకు లోకమంతటా పేరు తెచ్చారు. ఆయన కన్నుమూసిన 2015లోనే లిస్బన్ ఓషనేరియంలో ఆయన చేసిన 40 మీటర్ల తొట్టి జనం ముందుకొచ్చింది. యూట్యూబులో మనల్ని ఊరించే దృశ్యాలు ఎక్కువగా ఆ కోవవే. వాటి వెనక కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, గట్టి లైట్లు, ఖరీదైన మట్టి గుళికలు, వారం వారం కత్తెర పని ఉంటాయి. కొత్తవారికి అది మొదటి మెట్టు కాదని నా గట్టి నమ్మకం. అమెరికాకు చెందిన మైక్రోబయాలజిస్టు డయానా వాల్‌స్టాడ్ 1999లో వచ్చిన ‘ఎకాలజీ ఆఫ్ ది ప్లాంటెడ్ అక్వేరియం’ పుస్తకంలో చెప్పిన దారి వేరు. అడుగున మామూలు తోట మట్టి, దాని మీద ఇసుక, తొలిరోజు నుంచే ఒత్తుగా మొక్కలు. సిలిండరు అక్కర్లేదు.

వరి పండే నేల మీద పుట్టినవారికి ఇందులో వింతేమీ లేదు. నీళ్లు నిలిచిన మట్టిలోకి గాలి పోదు. ఉన్న ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు త్వరగా వాడేసుకుంటాయి. అది అయిపోయాక మట్టిలో తుప్పు రూపంలో ఉన్న ఇనుము మీద పడతాయి. నీటిలో కరగని ఆ ఇనుము అప్పుడు కరిగే రూపంలోకి మారి వేరుకు అందుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న భాస్వరమూ దాంతోపాటే విడుదలవుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త పొన్నంపెరుమ 1972లో నీట మునిగిన నేలల రసాయనం మీద రాసిన వ్యాసంలో ఇదంతా ఉంది. ఆయన ధ్యాస వరిమడి మీద. కానీ గాజు తొట్టి అడుగున రెండంగుళాల లోతులో జరిగేదీ అదే. ఇంకో పోలిక కూడా ఉంది. వరి తన ఆకుల నుంచి వేర్లదాకా గాలిని దింపుకున్నట్టే చాలా నీటిమొక్కలు కూడా ఆక్సిజన్‌ను వేర్లకు పంపి, చుట్టూ ఉన్న మట్టిని చెడిపోకుండా కాచుకుంటాయి. మొక్కలు ఒత్తుగా ఉన్న తొట్టిలో మట్టి ఆరోగ్యంగా ఉంటుంది. పలచగా నాటిన తొట్టిలో అదే మట్టి కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది.

మట్టిని ఎంచుకునేటప్పుడు దాని ధర కన్నా దాని చరిత్ర ముఖ్యం. పురుగుమందు కొట్టిన చేలోది వద్దు. నర్సరీల్లో అమ్మే మిశ్రమంలో పశువుల ఎరువు, వేపపిండి, కొబ్బరిపొట్టు కలిసి ఉంటాయి. నీళ్లలో పడగానే ఎరువు అమ్మోనియాను వదులుతుంది, పొట్టు పైకి తేలుతుంది. ఊరి చివర చెరువు మట్టి సారవంతమే గానీ, నగరాల్లో ఏ చెరువులో ఏం కలుస్తోందో తెలియకుండా దాన్ని ఇంట్లోకి తేవడం తగదు. నల్లరేగడి పోషకాలను బాగా పట్టి ఉంచుతుంది. కానీ తడిస్తే ఉబ్బుతుంది, కదిలిస్తే బురద రేగి ఒక పట్టాన దిగదు, చాలాచోట్ల సున్నపు గుండ్లు కలిసి ఉంటాయి. మందులెరుగని పెరటి ఎర్రమట్టి నా మొదటి ఎంపిక. ఇనుముకు లోటుండదు. పూర్తిగా మాగిన ఆకు ఎరువు రెండు గుప్పెళ్లు కలిపితే చాలు. మట్టిని జల్లించి, బకెట్లో నానబెట్టి, పైకి తేలిన పుల్లలూ చెత్తా తీసేసి, ముద్దగా చేసి పరవాలి. అడుగున్నర పొడవు తొట్టయినా, రెండడుగులదైనా మందం ఒక అంగుళమే. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టికి నాలుగున్నర లీటర్ల మట్టి సరిపోతుంది. ఇంకాస్త వేద్దామనే ఆశే చేటు.

దాని మీద మూడు సెంటీమీటర్ల ఇసుక, అంటే ఎనిమిది, తొమ్మిది కిలోలు. ఇల్లు కట్టే చోట దొరికే నది ఇసుక భేషుగ్గా పనికొస్తుంది. జల్లెడ పట్టి ఒకటి, రెండు మిల్లీమీటర్ల రేణువులు తీసుకుని, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. మరీ సన్నటిది గట్టిగా పేరుకుపోతుంది. లావు రాళ్లయితే సందుల్లో మేత ఇరుక్కుని కుళ్లుతుంది. రోబో శాండ్ పలుకులు పదును, పైగా దుమ్ము వదలదు. విశాఖ, కాకినాడల్లో ఉన్నవారికి సముద్రపు ఇసుక చేతికందుతుంది గానీ అందులో ఉప్పూ గవ్వల పొడీ ఉంటాయి. అనుమానమున్న రాయి మీదా ఇసుక మీదా నిమ్మరసం పిండి చూడండి. బుస్సున నురగొస్తే సున్నం ఉన్నట్టే, నీటి కాఠిన్యాన్ని పెంచుతూ పోతుంది. షాపుల్లో అందంగా కనిపించే తెల్లటి పాలరాతి ముక్కలు ఈ పరీక్షలో నిలవవు. డబ్బు పెట్టగలిగినవారు ఆక్వా సాయిల్ గుళికలు కొనుక్కోవచ్చు. నీటిని మెత్తబరుస్తాయి, వేళ్లు త్వరగా దిగుతాయి. మొదటి వారాల్లో అవీ అమ్మోనియా వదులుతాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక మొక్కలు. వేటికి ఎక్కడి నుంచి తిండి కావాలో చూసి ఎంచుకుంటే సగం పని అయినట్టే. వేళ్లతో మట్టిలోంచి తినేవాటిలో వాలిస్నేరియాను మించింది లేదు. పొడవాటి రిబ్బను ఆకులు, పక్కలకు తీగ పాకించి పిల్లల్ని పెడుతుంది. మన బోరు నీళ్లలో బకెట్లకు తెల్లటి పొర కట్టించే బైకార్బనేట్లనుంచి కూడా ఇది కార్బన్ తీసుకోగలదు. సిలిండరు లేని తొట్టికి అంతకన్నా ఏం కావాలి! నాటేటప్పుడు వేర్లు మట్టిలోకి, ఆకులు మొదలయ్యే తెల్లటి మొదలు ఇసుక పైకి ఉండాలి. శ్రీలంక వాగుల నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టీ నీడలోనూ బతుకుతుంది. అయితే చోటు మార్చగానే ఆకులన్నీ జావగారిపోతాయి. చచ్చిందని పీకేయకండి. వేరు బతికే ఉంటుంది, కొన్ని వారాల్లో కొత్త చిగుళ్లు వేస్తుంది.

నీళ్లలోంచి నేరుగా తినేవి హార్న్‌వర్ట్, చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా. వీటిని నాటకుండా తేలనిచ్చినా పెరుగుతాయి. కొత్త తొట్టిలోని అమ్మోనియాను మొదట పీల్చేది ఇవే. అనూబియాస్, జావా ఫెర్న్ దుంపలను మట్టిలో పూడ్చకూడదు, పూడిస్తే కుళ్లుతాయి. రాయికో కట్టెకో నూలు దారంతో కట్టి వదిలేయాలి.

మన ఉపఖండపు మొక్క వాటర్ విస్టీరియా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. నర్సరీల్లో నీటిమొక్కలను చాలావరకు నీళ్ల పైన, తడి గాలిలో పెంచుతారు. అలా పెరిగిన విస్టీరియా ఆకు గుండ్రంగా, అంచున పళ్లతో, కాస్త దళసరిగా ఉంటుంది. దాన్ని నీటిలో ముంచిన తర్వాత కొన్నాళ్లకు కొసన వచ్చే కొత్త ఆకు అంచులు లోతుగా చీలి ఉంటాయి. ఆ తర్వాతది ఇంకా లోతుగా, చివరికి ఈక చీలికల్లాగా నడి ఈనె దాకా చీలిపోతుంది. ఒకే కాడ మీద కింద నేల ఆకూ పైన నీటి ఆకూ పక్కపక్కనే చూడొచ్చు. కింది పాత ఆకులు పసుపెక్కి రాలడం మొక్క జబ్బుకు గుర్తు కాదు. దాదాపు అన్ని కొత్త మొక్కలకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి కొన్న మొక్కను కింది ఆకులు చూసి కాక, కొస చిగురు చూసి అంచనా వేయాలి. షాపులో నీళ్లలో ముంచి అమ్మే డ్రసీనా, సింగోనియం లాంటివి మాత్రం నేల మొక్కలు. వాటికి నీటి ఆకు వేయడం రాదు, నెమ్మదిగా కుళ్లిపోతాయి.

మొదటిరోజే తొట్టి అడుగులో ముప్పాతిక వంతు మొక్కలతో నిండాలి. నాలుగు కాడలు నాటి మిగతావి పెరుగుతాయిలే అనుకుంటే, ఆ ఖాళీలో నాచు పెరుగుతుంది. సగం నీళ్లు పోసి నాటి, తర్వాత ఇసుక మీద పళ్లెం పెట్టి దాని మీదుగా మెల్లగా మిగతా నీళ్లు పోయాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు తప్పనిసరి. లైటు మొదట్లో రోజుకు ఆరు గంటలే. చేపలకు కనీసం నెల ఆగాలి. ఈ నెలలో మట్టి వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడుతుంది. చాలా నీటిమొక్కలు నైట్రేట్ కన్నా అమ్మోనియంనే ముందు తీసుకుంటాయి. కాబట్టి చేపకు విషమైనదే మొక్కకు మొదటి తిండి అవుతుంది. అమ్మోనియా కిట్టుతో చూసి సున్నా వచ్చాకే గప్పీలో, మన జీబ్రా డానియోలో నాలుగైదు వదలాలి. అక్కడి నుంచి చేపల రెట్టా మిగిలిన మేతా మట్టికి ఎరువవుతాయి.

మొక్కలు కుదురుకున్నాక కత్తిరింపులు బుట్టలకొద్దీ వస్తాయి. వాటిని కాలవలోనో చెరువులోనో పారేయొద్దు. కేరళలో కోళికోడ్ దగ్గర ఆవళ పాండి కాలవను 2020లో గులాబీ పూలతో కప్పేసి జనాన్ని ఆకర్షించిన కబొంబా దక్షిణ అమెరికా మొక్క. చూడముచ్చటగా ఉన్నా, స్థానిక మొక్కలకు వెలుతురు అందనివ్వదు. మన చెరువుల్లో వలలు చింపుతున్న దెయ్యపు చేప కూడా అక్వేరియం చేపే. కత్తిరించిన కాడలు ఎవరికైనా నాటుకోవడానికి ఇవ్వండి. మిగిలినవి ఎండలో పూర్తిగా ఎండనిచ్చి పూలకుండీల్లో వేయండి.