విజిల్ ఊదని కోచ్

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధానంగా కాలితో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడుతుంటే, ఎదుటి జట్టువాళ్లు మీదపడి నేల కరిపించాలి. మన కబడ్డీలో పట్టు పట్టేవాళ్లకి హెల్మెట్లు తొడిగి, వంద గజాల మైదానంలోకి వదిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ మీదపడడం పేరే టాకిల్. ఆట ప్రాణమంతా అందులోనే ఉందంటారు. అలాంటి ఆట నేర్పుతూ, ప్రాక్టీసులో ఒక్క టాకిల్ కూడా చెయ్యొద్దన్న పెద్దమనిషి జాన్ గలార్డి. 1953 నుంచి 2012 దాకా ఒకే కాలేజీలో 60 సీజన్లు పనిచేశారు.

ఆ కాలేజీ మిన్నెసోటా రాష్ట్రం కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్. బెనెడిక్టిన్ సన్యాసుల మఠం పక్కనే, చెట్ల మధ్య ఉంటుంది. ఆడేది కాలేజీ పోటీల మూడో డివిజన్‌లో. అక్కడ ఆట చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే పద్ధతే లేదు. పొద్దున క్లాసులు, సాయంత్రం మైదానం, ఎప్పుడైనా మానేసి వెళ్లిపోవచ్చు.

2003 శరదృతువులో ఈ చిన్న కాలేజీ వైపు దేశమంతా తిరిగి చూసింది. గ్రాంబ్లింగ్ స్టేట్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ పేరిట ఉన్న 408 విజయాల రికార్డును గలార్డి నవంబర్ 1న అందుకున్నారు. ఆ రోజే ఆయనకు 77 నిండాయి. వారం తిరిగేసరికి బెతెల్ కాలేజీ మీద 29-26తో 409వ గెలుపు. రికార్డు వచ్చింది గానీ, 1976 తర్వాత జాతీయ ఛాంపియన్‌షిప్ మాత్రం రాలేదు. 2000 ఫైనల్లో ఒహాయో జట్టు మౌంట్ యూనియన్ చేతిలో 10-7తో, అదీ ఆఖరి క్షణాల్లో బంతిని గోల్ కర్రల మధ్యకి తన్నిన ఫీల్డ్ గోల్‌తో ఓడిపోయిన బాకీ ఒకటి మిగిలే ఉంది.

డిసెంబర్ 20న వర్జీనియాలోని సేలంలో ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే మౌంట్ యూనియన్, వరసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. సెయింట్ జాన్స్ డిఫెండర్ ఒకడు తమ గోల్ లైన్ దగ్గర పాస్‌ని మధ్యలో కొట్టేసి, వంద గజాలూ పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 24-6తో సెయింట్ జాన్స్ గెలిచింది. ఆడిన 14 మ్యాచ్‌లూ గెలిచిన సీజన్ అలా ముగిసింది.

ఇంతకీ వీళ్లు సాయంత్రాలు ఏం చేసేవారు? గంటన్నరకు మించి ప్రాక్టీసు లేదు. పైన హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, కింద మామూలు నిక్కర్లు. బంతి పట్టుకున్నవాడి మీదికి డిఫెండర్ పూర్తి వేగంతో దూసుకొస్తాడు, సరైన చోటికి, సరైన కోణంలో చేరుకుంటాడు. పడగొట్టే అవకాశం చేతిలో ఉండగానే వదిలేస్తాడు. అందరూ లేచి దుమ్ము దులుపుకునే పని లేదు కాబట్టి వెంటనే అదే ఎత్తుగడ మళ్లీ, ఇంకోసారి, మరోసారి. విజిల్ ఉండేది కాదు. గలార్డి తనని కోచ్ అని పిలవనిచ్చేవారు కాదు, జాన్ అంటే చాలు. ఆడతానని వచ్చినవాడిని తీసెయ్యడమూ లేదు. ఎండ ముదిరినా, చలి ఎక్కువైనా, దోమలు కుట్టినా ఆ పూటకి సెలవు. వ్యాయామాల మీద వెటకారంగా ఒక డ్రిల్ కూడా కనిపెట్టారు: గడ్డి మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ ‘ఎంత బాగుందో ఈ రోజు’ అనుకోవడం!

ఈ ఆలోచన ముసలితనంలో వచ్చిన మెత్తదనం కాదు. 1943లో కొలరాడోలోని ట్రినిడాడ్‌లో ఆయన హైస్కూలు జట్టు కోచ్‌ని యుద్ధానికి పిలిచారు. పదహారేళ్ల గలార్డి తానే జట్టు నడిపించారు. తనకు ఏవి చిరాకో అవన్నీ తీసేశారు. ప్రాక్టీసు మధ్యలో మంచినీళ్లు తాగకూడదన్న రూలు కూడా అలా పోయినవాటిలో ఒకటి.

దానికి పూర్తిగా ఎదురు దారి కూడా ఆ కాలంలోనే ఉంది. 1954లో టెక్సాస్ ఏ అండ్ ఎం కోచ్ బేర్ బ్రయంట్ తన కుర్రాళ్లని జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లి, పది రోజులు మండుటెండలో, నీళ్లు కూడా సరిగా ఇవ్వకుండా తోమేశారు. సగానికి పైగా మధ్యలోనే పారిపోయారు. ఆ ఏడు పది మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. రెండేళ్ల తర్వాత తమ కాన్ఫరెన్స్, అంటే తాము ఆడే లీగ్, గెలిచారు కాబట్టి ఆ శిబిరం ఇప్పటికీ వీరగాథగా చెలామణి అవుతోంది. కష్టం కంటికి కనబడితే జనానికి నమ్మకం కుదురుతుంది కాబోలు.

గలార్డిది దయాగుణమని రాసినవాళ్లు చాలామంది. ఈ కాలమ్ రాసేవాడికి మాత్రం అందులో గట్టి లెక్క కనిపిస్తుంది. మంగళవారం ప్రాక్టీసులో మంచి ఆటగాడి మోకాలు విరిగితే శనివారం మ్యాచ్‌కి ఎవరొస్తారు? గెలవాలన్న కోరిక ఆయనకు ఎవరికన్నా తక్కువేం కాదు. మిగతావాళ్లు ఆ దారికి ఆలస్యంగా వచ్చారు. తలకు తగిలే దెబ్బల గురించి డాక్టర్లు గట్టిగా మాట్లాడాక, 2016లో పేరున్న పాత విశ్వవిద్యాలయాల ఐవీ లీగ్ కోచ్‌లు సీజన్ నడుస్తున్నప్పుడు ప్రాక్టీసుల్లో టాకిల్ వద్దని ఓటేశారు. అప్పటికే గలార్డి 489 విజయాలతో రిటైరై మూడేళ్లు దాటింది.