‘ఘాజీ’ చిత్రం: ఆజ్ఞ – ధిక్కారం

నీటి అడుగున ఉన్న జలాంతర్గామికి ఒడ్డు నుండి అందే సందేశమే ఆజ్ఞ. ధారూర్ ఉన్న వికారాబాద్ జిల్లాలోనే, దామగుండంలో 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగిన నౌకాదళ కేంద్రం ఉద్దేశం అటువంటి సందేశాలను చేరవేయడమే. హాలీవుడ్ చిత్రం ‘క్రిమ్సన్ టైడ్’ (1995)లో అణుక్షిపణుల ప్రయోగాజ్ఞ తరువాత వచ్చిన సందేశం మధ్యలో తెగిపోవడం తిరుగుబాటుకు దారితీస్తుంది. సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ (2017)లో ఆజ్ఞ స్పష్టంగానే ఉంది. దానిని ధిక్కరించేవాడు కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్. అతనిని నిలువరించవలసిన బాధ్యత అర్జున్ వర్మది. అయితే మైన్ పేలుడు తరువాత అర్జున్‌ను కాపాడుతూ కెప్టెన్ మరణిస్తాడు. ఆపై అర్జున్ కెప్టెన్ మార్గాన్నే అనుసరిస్తాడు. వాదనతో తేలవలసిన నైతిక సమస్య త్యాగంతో ముగిసిపోయింది. ఉత్కంఠను చివరివరకు నిలిపిన ఈ చిత్రం, ఆజ్ఞను మీరే హక్కు ఎవరిదన్న ప్రశ్నను మాత్రం సమాధానం లేకుండానే విడిచిపెట్టింది.