పొగడ్తకి భవనంతో పనిలేదు

మదనపల్లె మీద వచ్చే వ్యాసాలు, రీల్సు, ప్రసంగాలు ఏవి తీసుకున్నా ఒక మాట తరచూ తగులుతుంది: ఇది జనగణమన పుట్టిన ఊరు అని. కాదు. ఆ పాట బెంగాలీలో పుట్టింది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభల్లో పాడారు. మదనపల్లెలో జరిగింది వేరే. 1919 ఫిబ్రవరిలో టాగోర్ బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చి కొన్ని రోజులున్నాడు. 28వ తేదీన ఆ పాటని అక్కడే ఇంగ్లీషులోకి మార్చి 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఆవిడ దాని బాణీని పాశ్చాత్య స్వరలిపిలో పెట్టింది.

తేదీల చాదస్తం అనుకోకండి. 'పుట్టిన ఊరు' అనేస్తే ఒక శిలాఫలకంతో పని అయిపోతుంది. అనువాదం జరిగిన చోటు అని చెప్పాలంటే మాత్రం ఐర్లండు నుంచి వచ్చిన ఆ దంపతుల గురించి చెప్పాలి. హోంరూల్ గొడవలో మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోగొట్టుకున్న ఆ కాలేజీ గురించి, అంతటి కవి అన్ని రోజులు అక్కడ ఎందుకు ఆగాడో చెప్పాలి. ఇవన్నీ చెప్పడానికి గదులు, వరండాలు, చెట్లు కావాలి. పొగడ్తకి భవనంతో పనిలేదు, కథకి ఉంది. తెలుగులో వారసత్వం మీద వచ్చే రాతలతో నా పేచీ ఇదే. మనం విశేషణాలు రాస్తాం, చట్టం జాబితా అడుగుతుంది.

కేంద్రానికి 1958 నాటి చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్‌కి 1960 నాటిది ఉంది. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టడం కుదరదు, ఆపై మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. ఈ చట్టాల చూపు కోటల మీద, గుళ్ళ మీద, శాసనాల మీద. చంద్రగిరి రాజమహల్ లాంటివాటికి అది సరిపోతుంది. ఒక వీధికి సరిపోదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. ఆయన పేరు వల్ల ఆ ఇంటికి కాస్త దిక్కుంది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అలాంటి చిన్న ఉద్యోగులు, వ్యాపారులు కట్టుకున్న మిద్దెలు, పెంకుటిళ్ళు, వీధి తిన్నెలు కలిస్తేనే కదా ఆ ఇల్లు ఎలాంటి ఊళ్ళో ఉండేదో తెలిసేది. వాటికి ఏ పేరూ అండ లేదు.

ఊరికి దగ్గర్లోనే ఆరోగ్యవరం ఉంది. నాకు అన్నింటికంటే ఎక్కువగా ఆలోచన రేపే చోటు ఇది. వందేళ్ళ కిందట, క్షయకి మందు లేని కాలంలో, మిషన్లన్నీ కలిసి పెట్టిన శానటోరియం. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్-మోలర్ దాన్ని నిలబెట్టాడు. అప్పట్లో వైద్యమంటే గాలి, ఎండ, విశ్రాంతి, తిండి. అందుకే శానటోరియంలో వార్డుకీ వార్డుకీ మధ్య దూరం, గాలి ఆడే వరండాలు, చుట్టూ చెట్లు కూడా వైద్యంలో భాగమే. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన ఇంట్లో ఉండి మందులు వాడినా క్షయ నయమవుతుందని తేల్చింది. శానటోరియాలకి పని పోయింది. ఆరోగ్యవరం మామూలు ఆసుపత్రిగా మారి బతికింది. ఇలాంటి చోట గోడలు కాపాడి, మధ్యలో ఖాళీ జాగా ప్లాట్లు వేస్తే ఏం కాపాడినట్టు?

పుంగనూరు సంగతి ఇంకా తమాషా. ఆ పేరు వినగానే ఇవాళ ఎవరికైనా గుర్తొచ్చేది పొట్టి ఆవు. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో మేత మేస్తూ ఫోటోల్లో కనబడింది. అంతరించిపోతుందనుకున్న ఆ జాతికి ఎత్తు ఇంత, కొమ్ములు ఇలా అని ఒక నిర్వచనం ఉంది, పలమనేరులో పరిశోధన కేంద్రం ఉంది. అదే ఊరి పాత ప్యాలెస్ గురించి అంత పొందిగ్గా రాసిన పేజీ నాకు తెలుగులో దొరకలేదు. 1948 చట్టంతో జమీందారీ పోయాక ఆ ఆవరణని జనానికి కలిపి ఉంచింది సుగుటూరు గంగమ్మ జాతర. అధికారులకంటే అమ్మవారే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

కుప్పం వేరే రకం. పాతదనం కంగుంది కొండ మీద, జమీను ఊళ్ళో ఉంది. కుప్పం మాత్రం రైలు స్టేషన్ పక్కన మూడు భాషల మధ్య పెరిగిన వ్యాపారపు ఊరు. మొదటి మున్సిపల్ ఎన్నికే 2021లో జరిగింది. కంగుంది ఇప్పుడు టూరిజం మాటల్లోకి వచ్చింది. కోటకి మెట్లు పడతాయేమో గానీ, కింద కాపురాలున్న ఇళ్ళ సంగతి ఎవరు చూస్తారన్నదే నా అనుమానం.

జాబితా వల్ల ఒరిగేదేముంది అనేవాళ్ళకి హైదరాబాదు చాలు. అక్కడ 1995లో జోనింగ్ నిబంధనల్లో వారసత్వ కట్టడాలకి చోటిచ్చారు. 2015లో ఆ నిబంధన ఎత్తేశారు. అయినా 2019లో ఎర్రమంజిల్ కూల్చాలన్న నిర్ణయం హైకోర్టులో నిలబడలేదు. ఒకప్పుడు ఆ జాబితాలో ఉండటమే దానికి అక్కరకొచ్చింది.

అయితే ఇంటి యజమాని బాధ అబద్ధం కాదు. చూసి మురిసిపోయేది మనం, వానకి కారే కప్పు మార్చుకోవాల్సింది ఆయన. పెద్ద నగరాల్లో, పోగొట్టుకున్న అంతస్తులకి బదులు అమ్ముకునే హక్కు పత్రాలిస్తారు. పుంగనూరులో వాటిని కొనేదెవరు? ఇంటిపన్ను మాఫీ, పెంకులకీ దూలాలకీ కొంత సాయం – ఇక్కడ పనికొచ్చేవి ఇవి. ఇవి లేకుండా జాబితాలో పేరు ఎక్కిస్తే ఆ యజమాని రాత్రికి రాత్రి పడగొట్టినా నేను తప్పు పట్టను.

పలమనేరు–కుప్పం–మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ 2019లో ఏర్పడింది. ఈ ఊళ్ళన్నీ దాని కిందివే. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద జనం అభ్యంతరాలు, సూచనలు తీసుకోవడం ఇలాంటి సంస్థల్లో రివాజు. కథలు, కవితలు రాసేవాళ్ళు ఆ కాగితం వైపు చూడరు. చూసి రాయాల్సింది కొన్ని పొడి వాక్యాలే: టాగోర్ అనువాదం చేసిన కాలేజీ, ఆవరణతో సహా. కృష్ణమూర్తి పుట్టిన ఇల్లు, అటూ ఇటూ వీధితో సహా. పుంగనూరు ప్యాలెస్, జాతర నడిచే దారితో సహా. ఆరోగ్యవరం, వార్డుల మధ్య ఖాళీ జాగాతో సహా.