ఆంగ్లరచనలో కర్తరి, కర్మణి ప్రయోగములు: ఒక పరిశీలనము

ఆంగ్లవచనరచనను బోధించు గ్రంథములలో కర్మణిప్రయోగమునకు మంచిపేరు లేదు. కర్తరి సజీవము, కర్మణి నిర్జీవము అని వాని తీర్పు. 1918లో విలియం స్ట్రంక్ ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అను చిన్నపొత్తమున కర్తరిని వాడవలెనని విధించెను. 1946లో జార్జి ఆర్వెల్ ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ అను వ్యాసమున, కర్తరి సాధ్యమైనచోట కర్మణిని ఎన్నడును వాడరాదని శాసించెను. ఈ శాసనము ఎంతవరకు గ్రాహ్యమో విచారించుట మా ఉద్దేశము.

ముందుగా శాసనకర్తల ఆచరణమును చూతము. ఆర్వెల్ వ్యాసపు తొలివాక్యముననే కర్మణి కలదు. అంతకన్న విశేషమేమనగా, రచయితలు కర్తరిని విడిచి కర్మణిని పట్టుచున్నారని ఆయన నిందించిన వాక్యము సైతము కర్మణియందే నడచినది. ఇందులకు ఆయనను పరిహసించుట సులభము. కాని అది విమర్శ కాదు. అచట ప్రస్తుతవిషయము ఆ ప్రయోగమే కాని, దానిని వాడువారు కారు. కావుననే కర్మపదము వాక్యాదిని నిలిచినది. సూత్రమున పొరబడిన ఆయన రచనయందు పొరబడలేదు. స్ట్రంక్ తన విధి వెంటనే, కర్మణి పలుతావుల సౌకర్యమనియు, కొన్నియెడల ఆవశ్యకమనియు ఒప్పుకొనెను. తరువాతివారు విధిని కంఠస్థము చేసి అపవాదమును మఱచిరి.

ఒక ఉదాహరణము. పెనిసిలిన్‌ను 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొనెను. ఫ్లెమింగ్ జీవితమును వ్రాయువాడు ఆంగ్లమున ఆయన పేరుతో వాక్యము నారంభించును, అది కర్తరి. ఔషధచరిత్రమును వ్రాయువాడు పెనిసిలిన్‌ను ముందుంచగోరును. ఆంగ్లనామములకు ద్వితీయావిభక్తి ప్రత్యయము లేదు; స్థానమే కర్తృకర్మలను తెలుపును. కావున అచట సాధారణముగ కర్మణియే శరణ్యము. తెలుగున ‘ను’ ప్రత్యయముండుటచే, పైవాక్యమునందువలె, కర్తరియందే కర్మను ముందు నిలుపవచ్చును. మన పరిశోధనవ్యాసములలో ‘చేయబడినది’, ‘వ్రాయబడినది’ అనునవి విరివిగ దొరలుటకు ఈ భేదమును గుర్తింపకుండుట ఒక కారణమని మా తలంపు. ఆంగ్లమున అవసరమైన మార్గము తెలుగున అనవసరమైన బరువగుచున్నది.

ఇక కర్మణిపై గల ముఖ్యమైన నేరారోపణ కర్తను దాచుట. 1987 జనవరిలో నాటి అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్ వ్యవహారమును గూర్చి కాంగ్రెసు సభలో ప్రసంగించుచు, తీవ్రమైన పొరపాట్లు చేయబడినవని పలికెను. ఎవరు చేసిరో ఆ వాక్యము చెప్పదు. ఆరోపణ యిచట సత్యమే. కాని ‘పొరపాట్లు జరిగినవి’ అన్నను కర్త దాగియే యుండును. అందు కర్మణి లేదు. దాచదలచినవానికి కర్మణి ఒక్కటే మార్గము కాదు. దోషము ప్రయోగమునది కాదు, ప్రయోక్తది.

కావున రెండు ప్రశ్నలు చాలునని మా నిర్ణయము. ఈ సందర్భము దేనిని గూర్చి నడచుచున్నది? కర్త యెవరో పాఠకునకు తెలియవలసియున్నదా? మొదటిదానికి కర్మయే సమాధానమైనచో కర్మణి తగును. రెండవదానికి అవునని సమాధానము వచ్చినచో, ప్రయోగమేదైనను కర్తను పేర్కొనక తప్పదు. విద్యార్థుల వ్యాసములను దిద్దునపుడు వాక్యమును ఒంటిగ తీసి కర్మణి యని కొట్టివేయుట న్యాయము కాదు. దాని ముందువెనుకల వాక్యములను చదివిన పిమ్మటనే కలము నెత్తవలెను.